ఎరుకకు మొదలు

అనంతమనెడి భావము మానవునకు ఆకాశమును చూచుటవలన కలిగినదని పలువురు వ్రాసియున్నారు. చుక్కలు పొదిగిన రాత్రిని, ఆవలి యొడ్డు కానరాని సముద్రమును చూచి ఆదికాలపు మనుష్యుడు తన కొలతకు లొంగనిది యొకటి కలదని గ్రహించెననియు, ఆ గ్రహణమే క్రమముగా మతమునకును, తత్త్వమునకును, తుదకు గణితమునకును బీజమైనదనియు వారి వాదము. వినుటకింపైన వాదమే గాని, నిదానించి చూచినచో నాకిది నిలుచునట్లు తోపదు. ఆకాశము కంటికి అంతులేనిదిగా ఎన్నడును కనబడలేదు. నలుదెసల నేలను తాకి ముగిసిపోవు గుమ్మటమువలెనే అది కనబడును. సముద్రము దిఙ్మండలముకడ ఆగిపోవును. అమావాస్యనాటి నిర్మలాకాశమున సయితము వట్టి కంటికి చిక్కు నక్షత్రములు కొన్నివేలకు మించవు. ఓపికగలవాడు వానిని ఎంచి పట్టిక వ్రాయవచ్చును, పూర్వులు వ్రాసిరి కూడ. ఇంద్రియములు మనకు తెచ్చి యిచ్చిన ప్రతివస్తువునకును ఒక అంచు కలదు. అంచులేని వస్తువును చూచినవాడు లేడు, తాకినవాడు లేడు. అయినను అంతులేనిదనగానేమో బొత్తిగా తెలియనివాడును లేడు. ఎన్నడును చూడనిదానిని ఇంత నిశ్చయముగా ఎట్లెరుగుదుము?

అంకెలు నేర్చుకొనుచున్న బిడ్డ నొకసారి గమనింపుడు. నూరువరకు ఎంచుట వచ్చిన కొలదికాలమునకే ఆ బిడ్డ, వేయి యనగానెంత, లక్ష యనగానెంత, కోటి తరువాత నేమి, ఆ తరువాత నేమి, అని తల్లిని వేధించును. తల్లి తనకు తెలిసిన పేర్లన్నియు చెప్పి అలసి, ఇంక లేవనినయెడల, ‘దానికి ఒకటి కలిపితే?’ అని అడుగును. ఆ ప్రశ్న అడిగిననాడు ఆ బిడ్డకు అనంతము తెలిసినది. సంఖ్యలన్నిటిని ఎంచి తుద లేదని కనుగొనుటచేత అది తెలియలేదు. అట్లు ఎంచినవాడు లోకమున లేడు. బిడ్డ చూచినది సంఖ్యను కాదు, ఒకటి కలుపుచున్న తనను. ఏ సంఖ్యయెదుట నిలిచినను ఆ కలుపుట యనెడి క్రియ మారదనియు, దానికి అడ్డుపడగల సంఖ్య ఉండజాలదనియు, తన క్రియను తానే అవలోకించి గ్రహించినది. అనంతము మానవునకు తెలిసిన చోటు ఆకాశము కాదు, ఎరుక తన్ను తాను చూచుకొన్న చోటు. ఈ మాట నిజమైనచో, అనంతమేమి యను ప్రశ్నను గణితమునకును, ఎరుక ఎచ్చటనుండి వచ్చినది యను ప్రశ్నను వైద్యమునకో వేదాంతమునకో పంచియిచ్చి మనము నిశ్చింతగా నుండుటకు వీలులేదు. ఆ రెండు ప్రశ్నలకును వేరులు ఒకచోటనే పెనవైచుకొనియున్నవి.

మనదేశమున ఈ విషయమై జరిగిన ఆలోచన మిక్కిలి ప్రాచీనము. జైనులు సంఖ్యలను సంఖ్యాతము, అసంఖ్యాతము, అనంతము అని మూడు తెగలుగా విభజించి, వానిలో మరల అంతర్భేదములు చెప్పిరి. లక్ష యోజనముల వ్యాసముగల జంబూద్వీపమంతటి గోతిని ఆవగింజలతో నింపి, ఆ గింజలను ద్వీపమునకొకటి, సముద్రమునకొకటి చొప్పున వేయుచు పోవుటను ఊహింపుమని వారి గ్రంథములు చెప్పును. ఆ ఊహమీద మరల ఊహ పేర్చి, గోతిమీద గోతిని నింపి, మనుష్యుని బుద్ధి చేరగల కడపటి సంఖ్యను చేరి, దానికి ఒకటి కలిపిన క్షణమున ‘ఇది అసంఖ్యాతము’ అందురు. పరిమితసంఖ్యకు ఒకటి కలిపినంతమాత్రమున పరిమితిని దాటవచ్చునని నేటి గణితజ్ఞుడు అంగీకరింపడు. నేనును అంగీకరింపను. అయినను అనంతము ఒక్కటి కాదనియు, అందును తరతమములు ఉండవచ్చుననియు, ఎవ్వరును తలపోయని కాలమున తలపోసిన ఆ మునులయెడ నాకు గల గౌరవమునకు మేర లేదు. ఆ సంప్రదాయమువాడే యైన మహావీరాచార్యుడు 9వ శతాబ్దియందు, రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, గణితసారసంగ్రహమును రచించి సంఖ్యాస్థానములు 24కు పేర్లు పెట్టెను. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించెను. తెలుగు కావ్యభాషగా రూపుదిద్దుకొనుచున్న తొలిదినములలోనే గణితమును పద్యమున చెప్పుటకు ఒక కవి పూనుకొనెననుట మన సాహిత్యచరిత్రలలో ఇంకను విపులముగా చెప్పదగిన సంగతి.

భాస్కరాచార్యుడు తన బీజగణితమున శూన్యముచేత భాగింపబడిన రాశిని ఖహరమని పేర్కొని, దానికి కలిపినను, దానినుండి తీసినను వికారము కలుగదని చెప్పెను. సృష్టికాలమున భూతకోటి వెలువడినను, ప్రళయకాలమున మరల లోన ప్రవేశించినను అచ్యుతునియందు మార్పు లేకుండుట ఆయన చూపిన ఉపమానము. శూన్యముతో భాగించుటను నేటి గణితము అనుమతింపదు. కాని పరిమితరాశిని కలుపుటకును తీయుటకును చలింపకుండుట యను ఆ లక్షణము మాత్రము అనంతరాశుల పట్టున నిజమేయని ఏడువందల సంవత్సరముల పిదప ఋజువైనది. తన రాశికి ఉపమానము వెదకుచు ఒక గణితజ్ఞుడు పరమాత్మను చేరుట కేవలము భక్త్యావేశమని నేను తలపను. మార్పులన్నిటిని తనయందు జరుగనిచ్చి తాను మారనిది ఏది యని అడిగినచో ఆయన పెరిగిన సంప్రదాయమున దొరకు ఉత్తరము చైతన్యమే. అనంతమును ఎంచబోయినవాడు ఎరుకయొక్క వాకిట నిలువవలసివచ్చుట ఇది మొదటిసారి, కడపటిసారి కాదు.

గ్రీకుదేశపు తాత్త్వికులు అనంతముతో జాగరూకులై మెలగిరి. ముగియక సాగుచుండు క్రియగా అనంతమును ఒప్పుకొనవచ్చును గాని, ముగిసి సమగ్రముగా ఎదుట నిలిచిన వస్తువుగా ఒప్పుకొనరాదని అరిస్టాటిలు కట్టడి చేసెను. రేఖను ఎన్నిమారులైనను ఖండింపవచ్చును. అంతియే గాని, అనంతఖండములుగా ఖండింపబడి ముగిసిన రేఖ యొకటి ఎచ్చటను లేదు. ఈ కట్టడికి ఐరోపాఖండపు విద్వాంసులు రమారమి రెండువేల సంవత్సరములు లోబడియుండిరి. 1638లో గెలీలియో, ఆర్చేత్రిలో గృహనిర్బంధమున నుండి, చూపు కోల్పోవుచున్న దినములలో వెలువరించిన తుది గ్రంథమున ఒక చిక్కును చూపెను: 1, 2, 3 మొదలగు ప్రతిసంఖ్యకును 1, 4, 9 మొదలగు వర్గమొకటి జతపడుచున్నది; జతలేని సంఖ్య లేదు, జతలేని వర్గము లేదు; అయినను వర్గములు సంఖ్యలలో ఒక భాగము మాత్రమే. భాగము సమస్తముతో సమానమగుట యెట్లు? ఎక్కువ, తక్కువ, సమానము అను మాటలు అనంతమునకు చెల్లవని చెప్పి ఆయన అచ్చటనే ఆగెను.

ఆగక సాగినవాడు గెయోర్గ్ కాంటరు. 1845లో పీటర్సుబర్గున పుట్టి, జర్మనీలోని హాల్లె విశ్వవిద్యాలయమున చిరకాలము బోధించి, 1918లో ఆ పట్టణపు మానసిక చికిత్సాలయముననే కన్నుమూసిన ఆ మహానుభావుని చరిత్ర చదివినపుడెల్ల నాకు దుఃఖము కలుగును. సమకాలికులలో పెద్దవాడైన క్రోనెకరు ఆయన సిద్ధాంతమును పొడగిట్టక విరోధించెను. కాంటరు చేసినది చెప్పుటకు చిన్నది: జతపరచుటయే ఎంచుట యని ఆయన నిశ్చయించుకొనెను. 1891లో ఆయన ప్రకటించిన యుక్తిని గణితము చదువనివారును గ్రహింపవచ్చును. సున్నకును ఒకటికిని నడుమనున్న సంఖ్యలనన్నిటిని, దశాంశబిందువు తరువాత అంతులేక సాగు అంకెలతో, ఎవ్వడో ఒకడు వరుసగా పట్టిక వ్రాసి తెచ్చెననుకొందము. ఆ పట్టికలో మొదటి సంఖ్యయొక్క మొదటి అంకెను, రెండవదానియొక్క రెండవ అంకెను, మూడవదానియొక్క మూడవ అంకెను, ఇట్లు ఏటవాలుగా దిగుచు, ఒక్కొక్కదానిని మార్చి వ్రాసికొనుచు పోయినచో క్రొత్త సంఖ్య యొకటి యేర్పడును. అది పట్టికలో ఉండజాలదు. ఏలయన మొదటి సంఖ్యతో మొదటి చోటను, రెండవదానితో రెండవ చోటను, ప్రతిదానితోను ఏదో ఒక చోటను అది భేదించుచున్నది. ఎంచదగిన అనంతముకంటె పెద్దదైన అనంతము కలదని ఇట్లు తేలినది. ఈ యుక్తిలో నన్ను ఇప్పటికిని విస్మయపరచునది దాని ఫలముకంటె దాని గమనము: పట్టికను పట్టికమీదికే త్రిప్పి, అది చెప్పజాలని దానిని దానిచేతనే చెప్పించుట. ఎరుక తన్ను తాను చూచుకొనుటలో నున్న మలుపు ఇందును కలదు.

కాంటరునకు మిత్రుడైన రిఖార్డ్ డెడెకిండు ఈ మలుపును సూటిగా పట్టుకొనెను. ఒక రేఖయందెన్ని బిందువులున్నవో ఒక చతురస్రమునందును అన్నియే యున్నవని 1877లో తనకు తేలినపుడు, చూచుచున్నాను గాని నమ్మజాలకున్నానని కాంటరు జాబు వ్రాసినది ఈయనకే. సంఖ్యల స్వరూపమునుగూర్చి డెడెకిండు 1888లో ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. తన భాగముతో తాను ఒకటికొకటిగా జతపడగల సముదాయమే అనంతము అని, గెలీలియోకు చిక్కైన దానినే ఆయన లక్షణముగా స్వీకరించెను. పిమ్మట ఆయనకు న్యాయమైన సందేహము కలిగినది: అట్టి సముదాయము నిజముగా ఒకటైన కలదా? రాళ్లు పరిమితములు, ఇసుకరేణువులు పరిమితములు. అంతట ఆయన బయట వెదకుట మాని తన లోనికి చూచెను. నాకు ఒక తలపు కలదు. ఆ తలపు నా తలపునకు విషయము కాగలదనుట మరియొక తలపు. ఈ రెండవదియు తలపునకు విషయము కాగలదనుట మూడవది. ఇట్లు ప్రతి తలపునకును దానిని గూర్చిన తలపు జతపడుచున్నది. ఇట్లు పుట్టిన తలపులలో చేరని దొకటి కూడ నా తలపులలోకమున కలదు, అది ‘నేను’. కావున ఆ లోకము తన భాగముతో తాను జతపడుచున్నది, అది అనంతము. గణితజ్ఞుడు అనంతమునకు ఉదాహరణము చూపవలసివచ్చి, సృష్టియంతయు విడిచి, గొలుసు మొదట ‘నేను’ను నిలిపి, దానితరువాత ఎరుకమీద ఎరుకను పేర్చెను. ప్రాగు నగరపు మతాచార్యుడు బోల్జానో ఇట్టి యుక్తినే సత్యవాక్యములనుగూర్చి చెప్పియుండెను. ఆయన గ్రంథము ఆయన పోయిన మూడేండ్లకు, 1851లో, అచ్చయినది.

ఈ గొలుసును మన తర్కశాస్త్రము ఎన్నో శతాబ్దులకు పూర్వమే ఎరుగును. కుండను చూచితిని, అది ఒక జ్ఞానము. ‘కుండను నేనెరుగుచున్నాను’ అనుట వేరొక జ్ఞానము. మొదటిది కుండను తెలుపును, రెండవది మొదటి జ్ఞానమును తెలుపును. రెండవదానికి నైయాయికులు అనువ్యవసాయమని పేరిడిరి. కాశికి పోయినంతనే ఎవ్వడును అన్నంభట్టు కాజాలడని లోకోక్తి. ఆంధ్రుడైన ఆ పండితుడు తన తర్కసంగ్రహమునకు తానే వ్రాసికొన్న దీపికయందు, జ్ఞానమునకు లక్షణము చెప్పవలసివచ్చినపుడు, ‘ఎరుగుచున్నాను’ అనెడి అనువ్యవసాయముచేత తెలియబడుటయే దాని లక్షణమని చెప్పెను. ఎరుక యనగానేమో చెప్పుటకు ఎరుకమీది ఎరుక కావలసివచ్చినది. మరి మొదటిది రెండవదానిచేత తెలిసినచో రెండవది దేనిచేత తెలియును? మూడవదానిచేత, నాలుగవదానిచేత ననుకొనుచు పోయినచో అనవస్థాదోషము తప్పదు. డెడెకిండునకు వరమైన గొలుసు మన తార్కికులకు దోషమైనది.

దీనికి నైయాయికుడు చెప్పు సమాధానము నిరాడంబరము: జ్ఞానము తన విషయమును తెలుపుటకు తాను తెలియబడనక్కరలేదు, తెలిసికొనవలెనను కోరిక యున్నంతవరకే గొలుసు సాగును, కోరిక తీరినచో ఆగును. వేదాంతి దీనికి ఒడబడడు. మొదటి కడియ చీకటిలో నుండగా గొలుసంతయు వెలుగుట యెట్లు? ఎరుక స్వయంప్రకాశము, దీపమును చూచుటకు వేరొక దీపము వలదని ఆయన పక్షము. వేదాంతగ్రంథములలో ఈ పక్షము పరిణతి చెందుటకు ఎంతో పూర్వమే, శ్రీపర్వతముతో పేరు పెనవైచుకొన్న ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తనియందు, నిప్పును దృష్టాంతముగా గైకొన్న ఇట్టి యుక్తినే ఖండించియుండెను: నిప్పున చీకటి యుండినగదా అది తన్ను తాను వెలిగించుకొనుటకు! వాదము ఇంత సూక్ష్మముగా సాగిన దేశమున, చైతన్యమును గూర్చి మాటలాడు నేటి మన ఉపన్యాసకులు పలువురు స్వయంప్రకాశమన్న మాటను మాత్రము తీసికొని, దానికెదురైన యుక్తులను విడిచిపెట్టుట నాకు బాధ కలిగించును. యుక్తి లేని సిద్ధాంతము మన పూర్వులది కాదు.

నేను నా మట్టునకు పరీక్షించి చూచుకొన్నాను. ఎదుట చెట్టున్నది, చెట్టును చూచుచున్నానని ఎరుగుదును, ఎరుగుదునని ఎరుగుదును. మూడవ నాలుగవ మెట్టు చేరుసరికి మాటలు పెరుగుచున్నవే గాని అనుభవము పెరుగుటలేదు. వాస్తవముగా జరిగినంతవరకు నైయాయికుడే గెలిచినాడు. మనస్సులో తలపులు అనంతముగా పోగుపడియుండుట లేదు. కాని తరువాతి మెట్టు నాకు ఎన్నడును నిరాకరింపబడదని కూడ నేనెరుగుదును. ఈ ఎరుక ఆ గొలుసులోని కడియ కాదు. అది గొలుసుయొక్క ధర్మమును ఒక్కసారిగా చూచిన చూపు. మెట్లు ముగియవు, మెట్లు ముగియవను చూపు మాత్రము ఒక్క క్షణమున ముగిసి, సమగ్రమై, నాయందున్నది. ముగియని క్రియగా అనంతము వేరు, ముగిసిన వస్తువుగా అనంతము వేరు అని అరిస్టాటిలు గీచిన గీత ఇచ్చట నిలుచునట్లు కనబడదు.

ఇట్టి ఎరుకకు మొదలెక్కడ? మనకు జ్ఞప్తియున్న మొదటి సంగతి సాధారణముగా మూడేండ్ల ప్రాయమునకు ఇవతలిదే. ముక్కుమీద ఎర్రరంగు పూసి అద్దముముందు నిలిపినచో, రమారమి ఏడాదిన్నర నిండిన బిడ్డ అద్దమును తాకక తన ముక్కును తాకికొనును. అంతకు పూర్వము బిడ్డకు ఎరుక లేదా? ఆకలికి ఏడ్చినది, తల్లిగొంతు వినగానే ఊరడిల్లినది. ఇంకను వెనుకకు పోయినచో గర్భము. ఇంకను వెనుకకు పోయినచో ఒక్క కణము. ప్రతి మెట్టునను ఎరుక కొంచెము పలుచనగుచున్నట్లు తోచునే గాని, ఇదిగో ఇచ్చట మొదలయినదని వ్రేలు పెట్టి చూపుటకు చోటు దొరకదు. ఈ దొరకకుండుటను ఆధారము చేసికొని ఒక గొప్ప వాదము పుట్టినది. ఎరుక ఎరుకనుండియే పుట్టును గాని జడమునుండి పుట్టజాలదు, కావున ప్రతి ఎరుకకును పూర్వము మరియొక ఎరుక ఉండవలెను, కావున ఎరుకల పరంపర అనాది, పూర్వజన్మము సత్యము, అని బౌద్ధాచార్యుడు ధర్మకీర్తి వాదించెను. చార్వాకుడు దీనికెదురుగా, పులిసిన పిండిలో మత్తు పుట్టినట్లు నాలుగు భూతముల కూడికలో చైతన్యము పుట్టుననెను.

ధర్మకీర్తి యుక్తియందు అనంతమును గూర్చిన ఒక చిక్కు దాగియున్నది. సున్నకు కుడివైపున మొదటి భిన్నము ఏది? ఏ భిన్నమును చూపినను దానిలో సగమైనది దానికి ముందున్నది, మొదటిదనునది లేదు. అయినను ఆ భిన్నములన్నియు సున్నకు ఇవతలనే, ఒక చిన్న గీతలోనే, ఇమిడియున్నవి. అట్లే ప్రతి ఎరుకకును పూర్వము మరియొక ఎరుక యున్నదని ఒప్పుకొన్నను, ఆ పరంపర యంతయు ఒక్క గర్భవాసమున, ఒక్క రాత్రియందు, ఇమిడియుండవచ్చును. మొదటి క్షణము లేకపోవుట వేరు, మొదలు లేకపోవుట వేరు. క్షణమునకు నియతమైన పరిమాణము కలదని బౌద్ధుడు పట్టుపట్టినయెడల నా యుక్తి చెల్లదు. కాని అప్పుడు వివాదము ఎరుకను విడిచి కాలముమీదికి పోవును, అది వేరు వ్యాజ్యము.

చార్వాకుని పక్షమును నేటి శాస్త్రము ఎంతో దూరము తీసికొనిపోయినది. మనుష్యుని మెదడున సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. అందు ఇంచుమించు 6,900 కోట్లు తలవెనుకనున్న చిన్నమెదడులోనివే. అది చెడినను, తుదకు పుట్టుకతోనే లేకున్నను, నడక తడబడును, మాట తడబడును గాని, మనుష్యుడు ఎరుక కోల్పోడు. కావున కణముల లెక్క ఎరుక కాదు. పెద్దమెదడున సంకేతములు పోయి మరల తమ మూలమునకే తిరిగివచ్చు మార్గములు దట్టముగా నుండుటయు, చిన్నమెదడున అట్టివి కొరవడుటయు దీనికి కారణము కావచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. తనమీదికి తాను మరలుట యను ఆకృతి ఇచ్చటను కనబడుట నాకు ఉత్సాహము కలిగించుచున్నది. కాని మరలుటనుండి తెలియుటకు దారి యింకను కానరాలేదని ఒప్పుకొనక తప్పదు. ఆలోచించు యంత్రము నొకదానిని పెద్దదిగా చేసి అందులో ప్రవేశించి తిరిగినను, ఒకదానినొకటి నెట్టుకొను అంగములే కనబడును గాని తలపు కనబడదని 1714లో లైబ్నిజు వ్రాసెను. ఆ యంత్రమునకు కణములని పేరు మార్చినంతనే ఆయన ఆక్షేపము తొలగదు.

డెడెకిండు ఋజువును గణితజ్ఞులు తరువాత అంగీకరింపలేదు. మనస్సును సాక్షిగా పిలుచుట గణితమునకు తగదనిరి. 1908లో జెర్మెలో అను గణితజ్ఞుడు అనంతసముదాయము కలదనుటను ఋజువు చేయబూనక, స్వీకృతముగా నిలిపెను. ఎరుకను కూడ అట్లే లోకమునకు మూలస్వీకృతముగా పెట్టుకొని ఊరకుందమని చెప్పువారు నేడు కలరు. నాకది సమ్మతము కాదు. స్వీకృతమును కాదనవచ్చును, అనంతమును స్వీకరింపకయే గణితమున చాల భాగము చేసిన విద్వాంసులు ఉన్నారు. ఎరుకను కాదనువాడో, ఆ కాదనుటను ఎరుగవలెను. అది స్వీకృతములన్నిటికంటె ముందరిది. కాని నాకు ముందరిదైనంత మాత్రమున అది లోకమునకు ముందరిది కాదు. విశ్వమునకు వయస్సు 1,380 కోట్ల సంవత్సరములు, మనుష్యుడు నిన్నటివాడు. తెలియుటలో అన్నిటికంటె ముందున్నది పుట్టుటలో అన్నిటికంటె వెనుకనున్నట్లు కనబడుటయే ఈ ప్రశ్నయొక్క కష్టమంతయు.

ఎరుక తొలగి మరల వచ్చుటను వైద్యులు ప్రతిదినము చూచుచున్నారు. ఈ విషయమున హైదరాబాదునకు ఒక చరిత్ర కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని ఆదరణమున, రెసిడెన్సీ వైద్యుడైన ఎడ్వర్డు లారీ పూనికతో, 1888లోను 1889లోను క్లోరోఫారము కమిషనులు రెండు అచ్చట పనిచేసినవి. రెండవదానికి లండనునుండి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చెను. మత్తుమందువలన మరణించువానికి ముందుగా ఆగునది ఊపిరియా, గుండెయా అని వారు జంతువులపై పరీక్షించి, ఊపిరినే కనిపెట్టియుండవలెనని తీర్పు చెప్పిరి. గుండెకు అపాయము లేదన్న వారి మాట తరువాత నిలువలేదు. అయినను, ఇంద్రియములు తమలో ఎవరు గొప్పయని కలహించి, ప్రాణము కదలగానే అన్నియు పెల్లగిలిన ఛాందోగ్యోపనిషత్కథను ఎరిగినవారికి, ఊపిరిని కనిపెట్టుమను ఆ మాట క్రొత్తదిగా తోపదు. మరణమును గూర్చియే వారు అడిగిరి. ఎరుక ఎట్లు పోయి ఎట్లు వచ్చునో అడుగుట వారి పని కాదు. మత్తుమందు ఎరుకను ఎట్లు ఆర్పునో నేటికిని పూర్తిగా తేలలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట నాకు శస్త్రచికిత్స జరిగినది. నిద్రనుండి లేచినవాడు ‘సుఖముగా నిద్రించితిని, ఏమియు తెలియలేదు’ అని చెప్పగలుగుటను చూపి, ఆ తెలియకుండుటను కూడ తెలిసికొన్న సాక్షి నిద్రయందును ఉండెనని వేదాంతులు వాదింతురు. కాదు, లేచినపిదప ఊహించి చెప్పుచున్నాడని నైయాయికులందురు. మత్తునుండి తేరుకొన్ననాడు నాకు చెప్పుటకు ఆ మాటయును లేదు. నిద్రపోయినవానికి కొంత కాలము గడచినదని తోచును; నాకు గడిచినది లేదు. సూది గ్రుచ్చిన క్షణమునకును తేరుకొన్న క్షణమునకును నడుమ అంతరమే లేక రెండును అతుకుకొనియున్నవి. ఆ దినమున వేదాంతియొక్క సాక్షి నాకు సాక్ష్యమీయలేదని నిజముగా చెప్పవలెను.

కాని తేరుకొనుట మాత్రము నాకు జ్ఞప్తియున్నది. ముందు శబ్దము వచ్చినది. ఏదో లోహపాత్ర తాకిడి. ‘వినుచున్నాను’ అని లేదు, శబ్దమున్నది, అంతియే. పిదప నొప్పి, అది కొంతసేపు ఎవ్వరిదియు కాక ఉన్నది. పిదప అది నాది యయినది. ఈ జ్ఞాపకమును నేను గట్టిగా నమ్ముటకు వెనుదీయుచున్నాను. ఏలయన జ్ఞాపకము చెప్పుచున్నది ఇప్పటి ‘నేను’, ఆ మొదటి శబ్దమునొద్ద అది లేదని అదే చెప్పుచున్నది. అయినను ఇట్లు తేరుకొన్నవారిని పలువురను, వారు మాటలతో తమ అనుభవమును సరిదిద్దుకొనకముందే, ఓపికతో అడిగి వ్రాసికొనుట సాధ్యమగునేని, ఆ వరుస అందరియందును అట్లే యున్నదా యని తెలియవచ్చును. ఉన్నదని తేలినచో డెడెకిండు గొలుసు మొదట నిలిపిన ‘నేను’ను కొంత వెనుకకు జరుపవలసివచ్చును, అన్నంభట్టు లక్షణమునకు లొంగని జ్ఞానమొకటి, అనువ్యవసాయమునకు పూర్వము, అనాథమై కొంతసేపు నిలుచునని ఒప్పవలసివచ్చును. అపుడు నేనింతవరకు ఎరుకకు మొదలని వెదకుచు వచ్చిన ఆ మలుపు, తన్ను తాను చూచుకొను ఆ చూపు, అనంతమునకు మాత్రమే మొదలగును. ఆ శబ్దమునకు మొదలు ఎక్కడనో వేరుగా వెదకవలెను.